స్కూల్ బోర్డు ట్రస్టీని ఏం అడగాలి, ఏం అడగకూడదు

2024 నవంబరు ఎన్నికల్లో టెక్సస్‌లోని ఫ్రిస్కో స్కూల్ డిస్ట్రిక్టు తన ఓటర్ల ముందు నాలుగు ప్రతిపాదనలు పెట్టింది. ఒకటి పన్ను రేటు పెంచి రోజువారీ ఖర్చులకు డబ్బు తెచ్చుకునేది. మిగతా మూడూ బాండ్లు, అంటే భవనాల లాంటివాటికి తీసుకునే అప్పులు. నాలుగూ ఓడిపోయాయి. ఇలాంటి ఎన్నిక వచ్చిన ప్రతిసారీ ఇళ్లలో ఒక ప్రశ్న లేస్తుంది: భవనాలకు అన్ని కోట్ల డాలర్లు అడిగే బోర్డు, టీచర్ల జీతాలు పెంచడానికి డబ్బు లేదని ఎలా చెబుతుంది?

ప్రశ్న న్యాయమైనదే. కానీ భవనాల కోసం వసూలు చేసిన డబ్బులో ఒక్క డాలరును కూడా జీతాలకు మళ్లించే అధికారం బోర్డుకు లేదు. ట్రస్టీ, అంటే బోర్డుకు ఎన్నికైన సభ్యుడి చేతిలో ఏముందో తెలియనప్పుడు ఓటు తప్పు లెక్క మీద పడుతుంది, ఫిర్యాదు తప్పు గుమ్మం ఎక్కుతుంది. ఫ్రిస్కో, ప్లేనో, కోపెల్, ఇర్వింగ్ లాంటి డాలస్ శివార్లలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. పిల్లల చదువు కోసమే ఆ ఊళ్లు ఎంచుకున్నవాళ్లే ఎక్కువ. అందుకే టెక్సస్ పద్ధతినే తీసుకుని ఈ చిక్కుముడి విప్పుకుందాం.

ముందుగా, డిస్ట్రిక్టు అంటే మన జిల్లా కాదు. టెక్సస్‌లో వెయ్యికి పైగా స్కూల్ డిస్ట్రిక్టులు ఉన్నాయి. ఎక్కువ వాటి పేరు చివర ఐఎస్‌డీ అని ఉంటుంది, అంటే ఇండిపెండెంట్ స్కూల్ డిస్ట్రిక్ట్. సిటీ మేయర్‌కూ కౌన్సిల్‌కూ స్కూళ్ల మీద అజమాయిషీ ఉండదు. సరిహద్దులు కూడా కలవవు. ఫ్రిస్కో ఐఎస్‌డీలోకి ప్లేనో, మెకిన్నీ, లిటిల్ ఎల్మ్ ఊళ్లలోని కొన్ని భాగాలు వస్తాయి. ఫ్రిస్కో ఊళ్లోనే ఉన్న కొన్ని ఇళ్లు ప్రాస్పర్ ఐఎస్‌డీ కిందికో, లూయిస్‌విల్ ఐఎస్‌డీ కిందికో వెళ్తాయి. ఇల్లు కొనేటప్పుడు ఊరి పేరు చూసి మోసపోవడం ఇక్కడే జరుగుతుంది. ఇళ్ల విలువ కట్టే కౌంటీ అప్రైజల్ కార్యాలయం వెబ్‌సైట్‌లో ఇంటి చిరునామా కొడితే ఏ డిస్ట్రిక్టుకు పన్ను కడుతున్నారో కనిపిస్తుంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పాఠశాల యాజమాన్య కమిటీలు చూసినవాళ్లకు ఇది కొత్తగా ఉంటుంది. విద్యా హక్కు చట్టం ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు, సగం మంది మహిళలు ఉండాలి. కానీ అది ఒక్క బడికి సంబంధించిన కమిటీ. పన్ను వేయలేదు, టీచరును నియమించలేదు. ఐఎస్‌డీ బోర్డు అలా కాదు. ఫ్రిస్కో, ప్లేనో లాంటి చోట్ల పదుల సంఖ్యలో బడులు, వేల మంది ఉద్యోగులు దాని కింద ఉంటారు. ఆస్తిపన్ను రేటును అదే నిర్ణయిస్తుంది.

బోర్డులో సాధారణంగా ఏడుగురు, హ్యూస్టన్, డాలస్ లాంటి పెద్ద చోట్ల తొమ్మిది మంది ఉంటారు. పదవీకాలం మూడేళ్లో, నాలుగేళ్లో. జీతం లేదు. చట్టం ప్రకారం వీళ్లు ప్రతిఫలం లేకుండానే పనిచేయాలి. ఉద్యోగం చేసుకుంటూ, రాత్రిపూట వందల పేజీల ఎజెండా పత్రాలు చదివి సమావేశాలకు వచ్చేవాళ్లే వీళ్లలో ఎక్కువ.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి: ఒక్క ట్రస్టీకి ఒంటరిగా అధికారం లేదు. టెక్సస్ విద్యా చట్టం అధికారాన్ని బోర్డు మొత్తానికి కలిపి ఇచ్చింది. నోటీసు ఇచ్చి జరిపిన సమావేశంలో మెజారిటీ ఓటు పడితేనే అది బోర్డు నిర్ణయం. బోర్డు అనుమతి లేకుండా ఏ సభ్యుడూ దాని తరఫున వ్యవహరించకూడదని చట్టంలోనే రాసి ఉంది. కాబట్టి ఎన్నికల్లో 'నేను గెలిస్తే ఇది ఆపేస్తాను' అని మాటిచ్చే అభ్యర్థిని ఇంకో ముగ్గురి ఓట్లు ఎక్కడినుంచి తెస్తారని అడగాలి. ఏడుగురిలో నలుగురు కావాలి మరి.

ట్రస్టీకి సొంతంగా ఉన్న బలం ఒకటుంది, అది సమాచారం. పదవి హోదాలో ఏ ట్రస్టీ అయినా డిస్ట్రిక్టు దగ్గరున్న రికార్డు అడగవచ్చు. సాధారణంగా 20 పనిదినాల్లోగా ఇవ్వాలి. మంచి ట్రస్టీలు దీన్ని బాగా వాడతారు. ఓటు వేసే రాత్రి ఆవేశంగా మాట్లాడే సభ్యుడి కంటే, నెల ముందే కాంట్రాక్టు లెక్కలు తెప్పించుకుని చదివిన సభ్యుడు డిస్ట్రిక్టుకు ఎక్కువ మేలు చేస్తాడు.

బోర్డు నేరుగా ఎంచుకుని, ఏటా పనితీరు కొలిచే ఉద్యోగి సాధారణంగా ఒక్కరే: సూపరింటెండెంట్. ఒప్పందం అయిదేళ్లకు మించకూడదు. కొత్తవారిని తీసుకునేటప్పుడు తుది అభ్యర్థి పేరు బయటపెట్టిన 21 రోజులకు గానీ బోర్డు తుది ఓటు వేయకూడదు. తల్లిదండ్రులు ఆ వ్యక్తి గురించి ఆరా తీసి బోర్డుకు రాయడానికి దొరికే గడువు అదే, దాన్ని వాడుకునేవాళ్లు మాత్రం తక్కువ. ప్రిన్సిపాళ్లు, టీచర్లు, బస్సు డ్రైవర్లు అందరూ సూపరింటెండెంట్ వరసలో వస్తారు. ట్రస్టీ నేరుగా ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేసి 'ఆ అబ్బాయిని వేరే సెక్షన్‌లో వేయండి' అన్నాడంటే పాలన గీత దాటినట్టే. అలాంటి ఫోను ఒకటి వెళితే ప్రిన్సిపాల్‌కు ఇద్దరు యజమానులు తయారవుతారు, బడిలో ఎవరి మాట చెల్లుతుందో తెలియదు. మీకు తెలిసిన ట్రస్టీ అలా చేయనన్నాడంటే మీ మీద చిన్నచూపు కాదు, పని సరిగా చేస్తున్నాడని అర్థం.

ఇక డబ్బు. ఇక్కడ నెమ్మదిగా నడవాలి.

మీ పన్ను బిల్లులో స్కూలు రేటు రెండు ముక్కలు. మొదటిది ఎం అండ్ ఓ: జీతాలు, కరెంటు, బస్సుల డీజిలు, పుస్తకాలు. రెండోది ఐ అండ్ ఎస్: బాండ్ల అప్పు తీర్చడానికి మాత్రమే. రెండో ముక్క డబ్బుతో జీతం ఇస్తే చట్టవిరుద్ధం. కొత్త బడి కడుతూ జీతాలకు కటకటలాడే డిస్ట్రిక్టులు కనిపించడానికి కారణం ఇదే.

ఉదాహరణకు, 6 లక్షల డాలర్ల ఇల్లు అనుకుందాం. 2025 నవంబరులో ఓటర్లు ఆమోదించిన తర్వాత స్కూలు పన్నుకు హోమ్‌స్టెడ్ (యజమాని తానే నివసించే ఇల్లు) మినహాయింపు 1,40,000 డాలర్లయింది. మిగిలేది 4,60,000. రేటు ప్రతి 100 డాలర్లకు లెక్క కాబట్టి, బోర్డు ఒక్క సెంటు పెంచినా తగ్గించినా ఈ ఇంటికి ఏడాదికి 46 డాలర్ల తేడా వస్తుంది. రేటులో సెంట్లను 'పెన్నీలు' అనడం ఇక్కడి వాడుక.

ఇళ్ల ధరలు రెట్టింపయ్యాయి కాబట్టి స్కూళ్లకు డబ్బు కుప్పలు పడిందనుకుంటారు చాలామంది. అది పొరపాటు. ఒక్కో విద్యార్థికి ఎంత రావాలో రాష్ట్ర ఫార్ములా తేలుస్తుంది. దానికి పునాది బేసిక్ అలాట్‌మెంట్: 2019 నుంచి 6,160 డాలర్లు, 2025లో శాసనసభ 55 డాలర్లు పెంచాక 6,215. ఈ మొత్తంలో ముందు మీ ఆస్తిపన్ను లెక్కలోకి వస్తుంది, మిగిలిన కొరతను రాష్ట్రం పూడుస్తుంది. ఇళ్ల విలువ పెరిగితే స్థానిక వాటా పెరుగుతుంది, రాష్ట్రం వాటా ఆ మేరకు తగ్గుతుంది. బడికి చేరే డబ్బు దాదాపు అంతే ఉంటుంది. పైగా విలువలు వేగంగా పెరిగితే బోర్డు వేయగల రేటును రాష్ట్రం కిందికి నొక్కుతుంది. ఫార్ములా ఇచ్చే దానికంటే ఎక్కువ వసూలయ్యే సంపన్న డిస్ట్రిక్టుల నుంచి మిగులును వెనక్కి తీసుకుంటుంది. 1993 నాటి చట్టంతో మొదలైన ఈ పద్ధతికి జనం పెట్టిన పేరు రాబిన్‌హుడ్. ప్లేనో ఐఎస్‌డీ ఏళ్లుగా ఈ రీక్యాప్చర్ కడుతోంది. 'పన్ను తగ్గించాను' అని చెప్పుకునే ట్రస్టీని ఆ తగ్గింపులో రాష్ట్రం నొక్కినది ఎంత, బోర్డు సొంతంగా తగ్గించినది ఎంత అని అడగండి. చాలాసార్లు రెండోది సున్నా దగ్గర ఉంటుంది.

బోర్డుకు నిజంగా ఎంపిక ఉన్నది ఆ పైన. రాష్ట్రం తేల్చే ఎం అండ్ ఓ మూల రేటు మీద 17 పెన్నీల దాకా అదనంగా వేసుకోవచ్చు. మొదటి ఎనిమిదిని గోల్డెన్ పెన్నీలంటారు. వాటికి రాష్ట్రం జతచేసేది ఎక్కువ, రీక్యాప్చర్ ఉండదు. తర్వాతి తొమ్మిది కాపర్ పెన్నీలకు రీక్యాప్చర్ ఉంటుంది. ఒక హద్దు దాటి పెంచాలంటే ఓటర్లను అడగాలి. ఫ్రిస్కోలో ఓడిపోయిన మొదటి ప్రతిపాదన అలాంటిదే. ఓటు వేసే ముందు అడగాల్సిన సరైన ప్రశ్న 'పన్ను పెరుగుతుందా' అన్నదొక్కటే కాదు. ఈ పెన్నీలు గోల్డెన్ రకమా కాపర్ రకమా, అందులో ఎంత డిస్ట్రిక్టులోనే మిగులుతుంది అని కూడా.

బాండ్ల విషయంలో ఓటర్ల అనుమతి లేనిదే అడుగు పడదు. కొత్త బాండ్లు అమ్మేటప్పుడు, అప్పు తీర్చే రేటు 100 డాలర్లకు 50 సెంట్లు దాటకుండా కట్టగలమని డిస్ట్రిక్టు రాష్ట్రానికి చూపించాలి. 2019 నుంచి బ్యాలెట్ మీద 'ఇది ఆస్తిపన్ను పెంపు' అన్న వాక్యం తప్పనిసరి. కొత్త బాండ్లు అమ్మినా పాత అప్పు తీరిపోతుండటం వల్ల రేటు పెరగని సందర్భంలో కూడా ఆ వాక్యం ఉంటుంది. దాన్ని చూసి బెదిరిపోకుండా, అలాగని కొట్టిపారేయకుండా, బోర్డు ప్రకటించిన అంచనా రేటును విడిగా చూడాలి. సాధారణ బడి భవనాలు, టెక్నాలజీ, వెయ్యి సీట్లు దాటే స్టేడియం, నాటకశాల లాంటివి వేర్వేరు ప్రతిపాదనలుగా రావాలన్నదీ అప్పటి నియమమే. భవనాలకు సరేనని స్టేడియానికి వద్దనే వీలు అందుకే ఉంది.

డబ్బు గురించి మరొక్క మాట, తెలుగు ఇళ్లకు నేరుగా తగిలేది. టెక్సస్ నిధులు పేర్లు నమోదైన పిల్లల సంఖ్య మీద రావు, సగటు హాజరు మీద వస్తాయి. 6,215 డాలర్లను సుమారు 175 పనిరోజులకు పంచితే, ఒక విద్యార్థి ఒక రోజు రాకపోతే బడికి దాదాపు 35 డాలర్ల పునాది నిధి పోతుంది. సంక్రాంతి కలిసొచ్చేలా ఇండియా ప్రయాణం పొడిగించి పది బడి రోజులు మానిపిస్తే 350 డాలర్లు. ప్రయాణం మానుకోమని కాదు. బడి క్యాలెండరును బోర్డు ఓటుతో ఖరారు చేస్తుంది. చాలా డిస్ట్రిక్టులు ముసాయిదాల మీద ముందుగా అభిప్రాయం అడుగుతాయి. శీతాకాలం సెలవులు ఎలా ఉండాలో, దీపావళికి సెలవు ఉండాలో లేదో చెప్పే సమయం ఆ సర్వే వచ్చినప్పుడే.

బోర్డు చేతిలో లేనివి కూడా తెలియాలి. ఏ తరగతిలో ఏం నేర్పాలన్న ప్రమాణాలు రాష్ట్ర విద్యా మండలి నిర్ణయిస్తుంది. అందులోని పదిహేను మంది సభ్యులూ వేరే ఎన్నికలో, పార్టీ గుర్తింపుతో గెలిచి వస్తారు. పిల్లలకు పెట్టే స్టార్ (STAAR) పరీక్ష రాష్ట్రానిది. కిండర్‌గార్టెన్ నుంచి నాలుగో తరగతి దాకా క్లాసుకు 22 మంది అన్న పరిమితీ రాష్ట్ర చట్టమే, మినహాయింపు తీసుకునే దారి ఉన్నప్పటికీ. లెక్కల సిలబస్ బరువుగా ఉందని ట్రస్టీని నిలదీసి లాభం లేదు. ఆ ప్రమాణాలను ఏ పాఠ్యపుస్తకంతో నేర్పాలి, అడ్వాన్స్‌డ్ మ్యాథ్‌లో పిల్లల్ని ఎలా చేర్చాలి అన్నవి మాత్రం డిస్ట్రిక్టు పరిధిలోనే ఉంటాయి. ఆ గీత పట్టుకుని అడిగితే జవాబు వస్తుంది.

సమావేశం గురించి. నోటీసు, ఎజెండా 72 గంటల ముందు పెట్టాలన్న పాత నియమం 2025 సెప్టెంబరు నుంచి మూడు పనిదినాలయింది. ఎజెండాలో 'కన్సెంట్' అన్న భాగం ఉంటుంది. చర్చ అక్కర్లేదనుకున్న అంశాలన్నిటినీ అక్కడ గుదిగుచ్చి ఒకే ఓటుతో ఆమోదిస్తారు. పెద్ద కాంట్రాక్టులు చాలా వరకు అందులోనే వెళ్లిపోతాయి. ఏ ట్రస్టీ అయినా ఒక అంశాన్ని బయటకు తీసి విడిగా చర్చించమని అడగవచ్చు. కాబట్టి మీకు అనుమానమున్న కాంట్రాక్టు కనబడితే సమావేశానికి ముందే ఒక ట్రస్టీకి మెయిల్ చేయండి.

ఎజెండాలోని ఏ అంశం మీదైనా, బోర్డు దాన్ని చేపట్టేలోగా మాట్లాడే హక్కు జనానికి ఉంది. పేరు ముందే నమోదు చేసుకోవాలి. ఆ గడువు ఒక్కో డిస్ట్రిక్టులో ఒక్కోలా ఉంటుంది. ఇచ్చేది రెండు మూడు నిమిషాలే. ఇంగ్లీషులో మాట్లాడటం కష్టమైన అమ్మమ్మ, తాతయ్య తెలుగులో మాట్లాడి అనువాదకుణ్ణి పెట్టుకుంటే, మిగతావారికి ఇచ్చిన సమయానికి కనీసం రెట్టింపు ఇవ్వాలని చట్టం చెబుతోంది. సంగతి తెలియక ఈ హక్కును మనవాళ్లు వాడుకోవడం లేదు.

మీరు మాట్లాడాక ఏడుగురూ మౌనంగా చూస్తూ కూర్చుంటే మనసు కష్టపడుతుంది. అది నిర్లక్ష్యం కాదు. ఎజెండాలో లేని విషయం ఎవరైనా లేవనెత్తితే బోర్డు మూడే పనులు చేయగలదు: ఉన్న వాస్తవం చెప్పడం, ఉన్న పాలసీ చెప్పడం, వచ్చే ఎజెండాలో పెట్టాలా అని మాట్లాడటం. చర్చ మొదలుపెడితే బహిరంగ సమావేశాల చట్టాన్ని అతిక్రమించినట్టవుతుంది. లాయరు సలహా, స్థలం కొనుగోలు, ఉద్యోగుల విషయాలు, విద్యార్థి క్రమశిక్షణ లాంటివి మూసిన తలుపుల వెనుక చర్చించవచ్చు. ఓటు మాత్రం బయటకు వచ్చి అందరి ముందే వేయాలి.

ట్రస్టీలు తెలియక తప్పు చేసేది కూడా ఇక్కడే ఎక్కువ. ఒక ట్రస్టీ రెండో ట్రస్టీకి, ఆయన మూడో ట్రస్టీకి, ఆమె నాలుగో ట్రస్టీకి మెసేజ్ చేసి ఒక అంశం మీద ముందే మాట కలుపుకుంటే, ఎవరూ ఒక గదిలో కూర్చోకపోయినా అది రహస్య సమావేశమే. దాన్ని 'వాకింగ్ కోరం' అంటారు, నేరం కింద లెక్క. మీరు ఏడుగురికీ ఒకే మెయిల్ పంపితే అందులో ఒకరు 'రిప్లై ఆల్' కొట్టినా చిక్కే. విడివిడిగా పంపడం మంచిది.

బడిలో అన్యాయం జరిగిందనుకున్నప్పుడు దారి వేరు. ఎఫ్‌ఎన్‌జీ అన్న కోడుతో తల్లిదండ్రుల ఫిర్యాదుల పాలసీ డిస్ట్రిక్టు వెబ్‌సైట్‌లో ఉంటుంది. అందులో 'లీగల్' అని ఉన్నది రాష్ట్ర చట్టం, 'లోకల్' అని ఉన్నది బోర్డు సొంతంగా ఆమోదించినది. మార్చమని అడగగలిగేది రెండోదాన్నే. ఫిర్యాదు సాధారణంగా ముందు ప్రిన్సిపాల్ దగ్గర, తర్వాత సూపరింటెండెంట్ నియమించిన అధికారి దగ్గర, చివరికి బోర్డు దగ్గర నడుస్తుంది. రాతపూర్వకంగా, గడువులోపు, ఏ పరిష్కారం కావాలో స్పష్టంగా రాసి ఇవ్వాలి. విషయం ఉన్న ఫిర్యాదు కూడా గడువు దాటితే వీగిపోవచ్చు. మొదటి మెట్టులోనే ట్రస్టీకి పూర్తి కథ చెప్పేస్తే ఇంకో నష్టం: రేపు అదే ఫిర్యాదు మీద ఆయన తీర్పరిగా కూర్చోవాలి. ముందే ఒక పక్షం విన్నవాడు నిష్పక్షపాతంగా ఉన్నాడని ఎవరూ నమ్మరు. అందుకే 'ఇది పద్ధతి ప్రకారం రానివ్వండి' అంటారు.

బడి మూత, ఏ వీధి పిల్లలు ఏ బడికి వెళ్లాలన్న హద్దుల మార్పు మాత్రం పూర్తిగా బోర్డు ఓటే. 2024 జూన్‌లో ప్లేనో ఐఎస్‌డీ బోర్డు రెండు ఎలిమెంటరీ, రెండు మిడిల్ స్కూళ్లను 2024–25 విద్యా సంవత్సరం చివర మూసేయాలని నిర్ణయించింది. పిల్లల సంఖ్య తగ్గడం, భవనాల నిర్వహణ భారం కారణాలు. ఇలాంటివి ఒక్క రాత్రిలో రావు. జనాభా నిపుణుడి నివేదిక ముందు వస్తుంది, తర్వాత వర్క్‌షాప్, కమిటీ, బహిరంగ విచారణ, ఆ తర్వాతే ఓటు. ఓటు రాత్రి పిల్లలతో బ్యానర్లు పట్టుకుని వచ్చేసరికి పత్రాలన్నీ సిద్ధమై ఉంటాయి. మీ మాట చెప్పాల్సింది నివేదిక, కమిటీ దశల్లో. మీ బడిలో పిల్లల సంఖ్య మూడేళ్లుగా పడిపోతుంటే అప్పుడే ఆ నివేదిక అడిగి చదవాలి.

బోర్డు విఫలమైతే దాన్ని పక్కన పెట్టే అధికారం రాష్ట్రానికి ఉంది. 2015లో వచ్చిన చట్టం ప్రకారం, ఒక్క బడి అయినా వరసగా అయిదేళ్లు ఫెయిల్ రేటింగ్ తెచ్చుకుంటే రాష్ట్ర విద్యా కమిషనర్ ఆ బడిని మూయాలి, లేదా బోర్డు స్థానంలో మేనేజర్లను నియమించాలి. 2023 జూన్‌లో రాష్ట్రంలోనే అతిపెద్ద డిస్ట్రిక్టయిన హ్యూస్టన్‌కు అదే జరిగింది. ఎన్నికైన ట్రస్టీలు పేరుకు ఉన్నారు, ఓటు నియమిత మేనేజర్లది, సూపరింటెండెంట్‌ను కూడా కమిషనరే నియమించారు. మన బడి బాగానే ఉందని ఊరుకున్నవాళ్లు కూడా ఆ రోజు తమ ప్రతినిధిని పోగొట్టుకున్నారు. ఎక్కడో ఊరి చివర వెనకబడిన బడి గురించి అభ్యర్థులను అడగడానికి ఇదే పెద్ద కారణం.

ట్రస్టీల ఎన్నిక చాలాచోట్ల మే మొదటి శనివారం, కొన్నిచోట్ల నవంబరులో జరుగుతుంది. బ్యాలెట్ మీద పార్టీ పేరు ఉండదు. మే ఎన్నికలకు నమోదైన ఓటర్లలో పదోవంతు కూడా రాని సంవత్సరాలు మామూలే. కాబట్టి ఒక కాలనీ కదిలితే ఫలితం మారుతుంది. ఎన్నికకు 30 రోజుల ముందే ఓటరుగా నమోదై ఉండాలి. పోటీ చేయాలంటే పౌరసత్వం, 18 ఏళ్లు, రాష్ట్రంలో 12 నెలలు, డిస్ట్రిక్టులో ఆరు నెలల నివాసం కావాలి. దరఖాస్తు రుసుము లేదు. కానీ ఒక్క డాలరు విరాళం తీసుకునే ముందే, ఖర్చు పెట్టే ముందే ప్రచార డబ్బు లెక్కలు చూసే ట్రెజరర్‌ను నియమిస్తూ ఫారం ఇవ్వాలి. కొత్త అభ్యర్థులు కాలు జారేది ఇక్కడే. గెలిచాక బంధుప్రీతి నిషేధం కూడా గుర్తుండాలి: దగ్గరి బంధువులకు డిస్ట్రిక్టులో కొత్తగా ఉద్యోగం ఇవ్వడం చాలా వరకు కుదరదు. పదవిలో ఉన్నవాళ్లు మళ్లీ నిలబడితే, తప్పనిసరి శిక్షణ గంటలు పూర్తిచేశారో లేదో చూడండి. ఎన్నికకు ముందు జరిగే సమావేశంలో బోర్డు అధ్యక్షులు దాన్ని పేరుపేరునా ప్రకటించాలి.

హెచ్‌-1బీ మీదున్నవాళ్లు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు ఓటు వేయకూడదు. డ్రైవింగ్ లైసెన్సు దగ్గర పొరపాటున ఓటరు ఫారం మీద టిక్కు పెట్టడం కూడా ప్రమాదమే. పౌరుణ్ణని తప్పుగా చెప్పుకుంటే వీసాకు, పౌరసత్వానికి శాశ్వతంగా దెబ్బ తగలవచ్చు. అయినా సమావేశంలో మాట్లాడటానికి పౌరసత్వం అక్కర్లేదు. కమిటీలూ ఉన్నాయి. ప్రతి డిస్ట్రిక్టులో ఆరోగ్య సలహా మండలి ఉండాలి, సభ్యులను బోర్డే నియమిస్తుంది, అందులో ఎక్కువమంది డిస్ట్రిక్టులో ఉద్యోగం చేయని తల్లిదండ్రులై ఉండాలి, ఏడాదికి కనీసం నాలుగుసార్లు కలవాలి. బాండ్ కమిటీలు, హద్దుల కమిటీలు, క్యాలెండర్ కమిటీలు అవసరాన్ని బట్టి ఏర్పడతాయి. వీటికి దరఖాస్తులు డిస్ట్రిక్టు వెబ్‌సైట్‌లో కొద్దిరోజులే తెరిచి ఉంటాయి. డిస్ట్రిక్టు నుంచి వచ్చే వారపు మెయిల్‌ను తెరవకుండా తీసేయకపోతే ఆ తేదీలు దొరుకుతాయి.